కోన అడుగున ఉన్న మడుగు దాకా: నిటారు దారిలో దిగడం, తిరిగి ఎక్కడం

తిరుపతి చుట్టుపక్కల పుట్టి పెరిగిన వారి కాళ్లకు కొండ అంటే ముందు ఎక్కడం, ఆ తరువాత దిగడం. అలిపిరి దారిలో 3,550 మెట్లో, శ్రీవారి మెట్టు దారిలో 2,388 మెట్లో ఎక్కి, దర్శనం చేసుకొని, ప్రసాదం తిని, ఓపిక ఉంటే నడిచి, లేకుంటే బస్సెక్కి కిందికి వస్తాము. మోకాళ్ల పర్వతం దగ్గర ఊపిరి అందకపోతే అక్కడి నుంచే వెనుదిరగవచ్చు. వెనుదిరిగితే మిగిలేది దిగుడే కనుక అలసిన ఒంటికి కూడా అది సాధ్యమే. కోన విషయంలో ఈ లెక్క తలకిందులవుతుంది. కోనలోకి వెళ్లేవాడు ఉదయపు చల్లదనంలో, నిండు ఓపికతో, నిండు నీళ్ల సీసాతో ఊపిరికి సులువైన సగాన్ని ముందు పూర్తి చేస్తాడు. మిట్టమధ్యాహ్నం, ఖాళీ సీసాతో, తడిసిన బూట్లతో, వణుకుతున్న తొడలతో కష్టమైన సగాన్ని మొదలుపెడతాడు. ఎప్పుడు బయలుదేరాలి అన్నది మొదలుకొని మడుగు దగ్గర ఎంతసేపు కూర్చోవాలి అన్నదాకా ఇక్కడ చెప్పబోయే జాగ్రత్తలన్నీ ఈ ఒక్క తేడా నుంచి పుట్టినవే.

తాడు లేకుండా, కాళ్లూ చేతులూ వాడి దిగగలిగిన దారుల గురించి మాత్రమే ఇక్కడ రాస్తున్నాను. తాడు లేనిదే దిగలేని చోటు ఎదురైతే, ఆ విద్య నేర్చుకోని వారికి అది ఆ రోజు ప్రయాణం ముగిసిన చోటు. బట్టలు ఆరవేసే తాడును చెట్టుకు కట్టి దిగేవాళ్లను చూశాను. వారు క్షేమంగా దిగారంటే ఆ తాడు ఆ రోజుకు తెగలేదని మాత్రమే అర్థం.

అనుమతి

శేషాచలం అడవిలో చాలా భాగం రక్షిత ప్రాంతం. శ్రీ వేంకటేశ్వర జాతీయ ఉద్యానం 1989లో ఏర్పడింది. 2010లో ఈ కొండలను జీవావరణ పరిరక్షణ ప్రాంతంగా ప్రకటించారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం జాతీయ ఉద్యానంలోకి అనుమతి లేకుండా అడుగు పెట్టడం నేరం. దానికి తోడు, ఇవి ఎర్రచందనం కొండలు. దుంగల దొంగల కోసం టాస్క్‌ఫోర్స్ వాళ్లు, అటవీ సిబ్బంది రాత్రింబవళ్లు గస్తీ తిరుగుతుంటారు. చీకట్లో వారికి దూరాన ఒక టార్చి వెలుగు కనిపిస్తే, అది సరదాగా వచ్చిన కుర్రాళ్లదని అనుకోవలసిన పని వారికి లేదు. కాబట్టి టికెట్టు తీసుకొని వెళ్లగలిగే తలకోన వంటి చోట్లు, లేదా ముక్కోటి (తీర్థ స్నానాల పండుగ) రోజుల్లో భక్తుల కోసం తెరిచే తీర్థాల దారులు, అది కాదంటే అటవీ శాఖ రేంజి కార్యాలయంలో రాతపూర్వకంగా అనుమతి తీసుకొని, దారి తెలిసిన స్థానికుడిని వెంటబెట్టుకొని వెళ్లే దారులు మాత్రమే మనవి. పుష్య పౌర్ణమికి రామకృష్ణ తీర్థం, ఫాల్గుణ పౌర్ణమికి తుంబురు తీర్థం ముక్కోటి జరుగుతాయి. కోన దారి ఎలా ఉంటుందో పదిమంది నడుమ నేర్చుకోవాలనుకునే వారికి ఆ రోజులు మంచి బడి.

కొండను చదవడం

తిరుమల కనుమ దారిలో, రోడ్డు కోసిన చోట, కింద గ్రానైటు, దాని మీద పొరలు పొరలుగా క్వార్ట్‌జైట్ రాయి కనిపిస్తాయి. ఈ రెంటికీ నడుమ సుమారు 80 కోట్ల సంవత్సరాల ఎడం ఉందని భూగర్భ శాస్త్రజ్ఞులు లెక్కగట్టి, ఆ చోటును జాతీయ భూగర్భ స్మారకంగా గుర్తించారు. నడిచేవాడికి ఆ సంఖ్య కన్నా ఆ రాయి గుణం ముఖ్యం. క్వార్ట్‌జైట్ గట్టి రాయి. మెత్తగా అరగదు, పగుళ్ల వెంట దిమ్మలు దిమ్మలుగా విడిపోతుంది. అందుకే మన కోనల పైఅంచు గోడ కోసినట్టు నిలువుగా ఉంటుంది. ఆ గోడ నుంచి ఊడిపడిన రాళ్లు దాని కింద వాలుగా పోగుపడి ఉంటాయి. వాటిలో వాగు దాకా దొర్లిపోయినవి ఏళ్ల తరబడి నీటిలో నలిగి నునుపు గుండ్లవుతాయి. పైన చరియ, నడుమ రాళ్ల వాలు, అడుగున గుండ్లు: ఏ కోనలోకి దిగినా ఇంచుమించు ఈ మూడు అంచెలే ఎదురవుతాయి. ఒక్కో అంచెకు ఒక్కో నడక కావాలి. అన్నింటినీ ఒకే నడకతో దిగబోయినప్పుడే ఎక్కువ మంది పడతారు.

కాలం, గంట

మనకు జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి వానలు, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య వానలు. తిరుపతి వైపు కొండలను నిజంగా కుదిపేవి ఈ రెండోవి. 2021 నవంబరులో కురిసిన వానకు శ్రీవారి మెట్టు దారి కొట్టుకుపోయి, బాగుచేసి మళ్లీ తెరిచే సరికి మరుసటి ఏడాది మే నెల వచ్చింది. రాతితో కట్టిన మెట్లకే ఆ గతి పట్టిందంటే, ఎవరూ కట్టని కోన దారి సంగతి వేరే చెప్పనక్కరలేదు. బంగాళాఖాతంలో అల్పపీడనం ఉందన్న వార్త వింటే ప్రయాణం మానుకోవాలి. వాన వెలిసిన తరువాత కూడా రాళ్లు కుదురుకోవడానికి వారం పది రోజులు ఆగాలి. నా లెక్కలో డిసెంబరు ఆఖరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. ఏప్రిల్, మే నెలల్లో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, బండలు పెనంలా కాలతాయి, చాలా మడుగుల్లో నీళ్లు కూడా ఉండవు.

గంటల లెక్క ఇంకా ముఖ్యం. డిసెంబరులో తిరుపతిలో సాయంత్రం ఆరు కాకముందే పొద్దు గూకుతుంది. కోన అడుగున మాత్రం పడమటి చరియ అడ్డు రావడం వల్ల అంతకు చాలా ముందే ఎండ పోతుంది. ఆ మసక వెలుతురులో తడి రాయికీ పొడి రాయికీ తేడా తెలియదు. అందుకని దిగడానికి పట్టిన సమయానికి రెట్టింపు సమయం ఎక్కడానికి కేటాయించి, చీకటికి రెండు గంటల ముందే పైఅంచుకు చేరేలా వెనక్కి లెక్కవేసుకోవాలి. రెండు గంటలు దిగితే ఎక్కడానికి నాలుగు; నాలుగు గంటలకల్లా పైకి రావాలంటే పన్నెండుకు మడుగు దగ్గర లేవాలి; గంటసేపు అక్కడ ఉండాలంటే పదకొండుకు చేరాలి; అంటే తొమ్మిదికి మించకుండా దిగుడు మొదలుపెట్టాలి. బయలుదేరే ముందే ‘పన్నెండు గంటలకు ఎక్కడున్నా సరే వెనక్కి’ అని అందరితో ఒప్పించుకోవాలి. మడుగు కనుచూపు మేరలో ఉండగా ఈ మాట ఎవరికీ నచ్చదు కనుక, ఆ మాట ఊళ్లో ఉన్నప్పుడే అనుకోవాలి.

ఒంటిని, సంచిని సిద్ధం చేసుకోవడం

దిగేటప్పుడు తొడ ముందుభాగపు కండరం బిగిసి ఉంటూనే సాగుతుంది, అంటే బండికి బ్రేకులాగా పనిచేస్తుంది. అలవాటు లేని కాళ్లకు ఈ పని వల్ల మరునాడు, ఆ మరునాడు నొప్పి ఎక్కువవుతుంది. అదే రోజు సాయంత్రానికి పట్టు తప్పుతుంది. దీనికి మందు మన ఊళ్లోనే ఉంది. ప్రయాణానికి పది పదిహేను రోజుల ముందు ఒకసారి తిరుమల నుంచి అలిపిరికి నడిచి దిగితే చాలు, ఆ ఒక్కసారికే కండరం చాలావరకు అలవాటు పడి, రెండోసారి అంతగా నొప్పి పెట్టదు. అయితే మెట్లన్నీ దాదాపు ఒకే ఎత్తున, చదునుగా ఉంటాయి. అవి కాళ్లకు బలాన్ని ఇస్తాయి కానీ పాదానికి చూపును నేర్పవు.

బూట్లు కొత్తవి కాకూడదు, అరిగినవీ కాకూడదు. అడుగున లోతైన గాట్లున్న రబ్బరు సోలు ఉండాలి. దిగేటప్పుడు పాదం ముందుకు జారి వేళ్లు బూటు ముక్కుకు కొట్టుకుంటాయి కనుక, వేలికీ ముక్కుకూ నడుమ బొటనవేలు వెడల్పంత ఖాళీ ఉండాలి; లేసును చీలమండ దగ్గర బిగించి కట్టాలి; రెండు రోజుల ముందే కాలి గోళ్లు తీయించుకోవాలి. గోళ్ల మాట చాలా చిన్నదిగా కనిపిస్తుంది. నల్లబడి ఊడిపోయిన బొటనవేలి గోరు మళ్లీ పెరగడానికి ఏడాది, ఏడాదిన్నర పడుతుందని అనుభవించిన వారికి అది చిన్నది కాదు.

మనిషికి కనీసం మూడు లీటర్ల నీళ్లు కావాలి, అందులో ఒక లీటరును ఎక్కడానికే ముట్టకుండా దాచాలి. ఓఆర్‌ఎస్ పొట్లాలు లేకపోతే లీటరు మంచినీళ్లలో ఆరు టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు కలిపినా సరిపోతుంది. చెంచాలు తలకొట్టినవిగా ఉండాలి. తిండికి పులిహోర మంచిది, మధ్యాహ్నం దాకా పాడవదు. చెనక్కాయ ఉండలు, బెల్లం ముక్క జేబులో ఉంటే ఎక్కేటప్పుడు నిలబడే తినవచ్చు. వీటికి తోడు తలకు కట్టే లైటు, ఈల, బెణికిన చోట చుట్టే గట్టి పట్టీ, రెండు తువ్వాళ్లు, పలచని పొడుగు చేతుల చొక్కా, ఒక ఖాళీ అయిదు లీటర్ల నీళ్ల క్యాను. ఆ క్యాను ఎందుకో తరువాత చెబుతాను. ఇవన్నీ వీపు సంచిలోనే పోవాలి. చేతిలో కవరు, భుజాన వేలాడే జోలె పనికిరావు, ఎందుకంటే చేతులు రెండూ రాయికి కావాలి.

ఎక్కడికి వెళ్తున్నారో, ఏ దారిన దిగుతారో, ఎన్ని గంటలకు ఫోను చేస్తారో ఇంట్లో ఒకరికి కాగితం మీద రాసి ఇవ్వాలి. కోనలో సిగ్నలు ఉండదు. చరియల నడుమ జీపీఎస్ చుక్క కూడా అవతలి గట్టు మీదికి దూకుతుంటుంది.

మొదటి అంచె: చరియ

పైఅంచు మీద నిలబడి చూస్తే మడుగు దగ్గరగా, దారి సూటిగా కనిపిస్తాయి. నడుమనున్న నిలువు గోడ పైనుంచి కనిపించదు. అందువల్ల సూటి దారి కాక, చరియ చీలిన గండిని వెతకాలి; మనుషులు నడిచిన ఆనవాళ్లు అక్కడే ఉంటాయి. పశువులు, జింకలు నడిచిన సన్నటి బాటలు ఆశపెడతాయి కానీ, అవి మేత ఉన్న గట్టు దాకా పోయి ఆగిపోతాయి.

వాలు తక్కువగా ఉన్నంతవరకు లోయ వైపు ముఖం పెట్టి, మోకాళ్లు కాస్త వంచి, చిన్న అడుగులతో దిగాలి. వాలు పెరిగితే పక్కకు తిరగాలి. చేతులు లేకుండా నిలవలేని చోటికి వచ్చాక నిచ్చెన దిగినట్టు రాయి వైపు తిరగాలి. రెండు చేతులు, రెండు పాదాలలో ఎప్పుడూ మూడు రాయిని పట్టుకొని ఉండాలి, ఒక్కటి మాత్రమే కదలాలి. పట్టును వాడే ముందు పిడికిలితో తట్టి చూడాలి: గట్టిగా అతికి ఉన్న రాయి ఖంగుమంటుంది, విడిపోయిన రాయి డొల్లగా మోగుతుంది. ఖంగుమన్నదాన్ని కూడా కిందికి నొక్కి పట్టుకోవాలి గానీ, మన వైపుకు లాగకూడదు.

చెట్ల విషయంలో నా పాఠం మోకాలి మీద మచ్చగా ఉంది. ఒక కోనలో, చివరి పది అడుగుల్లో, చేతికందిన మోడును పట్టుకొని వేలాడాను. అది పైకి మణికట్టు లావున ఉన్నా వేరు చివికి ఉంది. ఒక్క చప్పుడు కూడా లేకుండా మట్టితో సహా నా చేతిలోకి వచ్చింది. ఆరడుగులు జారాను. అంతకన్నా పెద్ద తప్పు ఇంకొకటి చేశాను: చేతికర్ర పట్టీ మణికట్టుకు తగిలించుకునే దిగాను. కర్ర రెండు రాళ్ల నడుమ ఇరుక్కొని భుజాన్ని వెనక్కి మెలిపెట్టింది. అప్పటి నుంచి చేతులతో పట్టుకొని దిగవలసిన చోటు రాగానే కర్రను సంచికి కట్టేస్తాను. పచ్చి చెట్టునైనా కొమ్మ దగ్గర కాక మొదలు దగ్గరే పట్టుకుంటాను.

ఈ అంచెలో అన్నింటికన్నా ముఖ్యమైన నియమం దూకకపోవడం. నాలుగడుగుల గట్టు మీంచి దూకడం పిల్లలకు కూడా చేతనవుతుంది. పట్టు లేని ఆ నాలుగడుగులను సాయంత్రం ఎక్కడం చాలామందికి చేతకాదు. అనుమానం ఉన్న ప్రతి చోటా రెండడుగులు దిగి, మళ్లీ పైకి ఎక్కి చూడాలి. ఎక్కగలిగితేనే దిగాలి.

తుంబురు తీర్థం ముక్కోటికి వెళ్లినప్పుడు ఒక పెద్దావిడ దిగడం చూశాను. అరవై దాటి ఉంటాయి, కాళ్లకు చెప్పులు లేవు. కొత్త బూట్లు వేసుకున్న కుర్రాళ్లు నిలబడి తటపటాయిస్తున్న బండ దగ్గరికి వచ్చి, కుచ్చిళ్లు పైకి దోపుకొని, బండ మీద కూర్చుంది. రెండు అరచేతులూ వెనక ఆనించి, మడమలను ముందున్న పగులులో పెట్టి, పిరుదులను ఒక జానెడు జరిపి, మళ్లీ మడమలకు చోటు చూసుకొని, అలా నాలుగైదు సార్లలో కిందికి చేరి, చీర దులుపుకొని, ‘ఏం నాయనా, కూర్చుంటే పరువు పోతుందా?’ అని అడిగి వెళ్లిపోయింది. అడుగు చదునుగా కనిపిస్తున్న పొట్టి బండకు ఇంతకన్నా మంచి పద్ధతి లేదు.

రెండో అంచె: రాళ్ల వాలు

ఇక్కడ మనం పడడం కన్నా మన మీద రాయి పడే ముప్పు ఎక్కువ. ఇరుకు గండిలో దిగేటప్పుడు రెండే పద్ధతులున్నాయి. అందరూ చేయి చాస్తే అందేంత దగ్గరగా కలిసి దిగితే, కదిలిన రాయి వేగం పుంజుకోకముందే కాలితో ఆపవచ్చు; లేదా ఒక్కొక్కరే దిగి, మిగిలినవారు పక్కనున్న గోడ చాటున నిలబడాలి. పదేసి అడుగుల దూరంలో వరుసగా దిగడం ఈ రెంటికీ చెందని పద్ధతి. మన బృందాలు చేసేది సాధారణంగా అదే. రాయి కదిలిందంటే, అది చిన్నదైనా సరే, ‘రాయి!’ అని గట్టిగా అరవాలి. విన్నవారు పైకి చూడకూడదు. గోడకు ఒదిగి, సంచిని తల మీదికి లాక్కోవాలి.

చిల్లరాళ్ల మీద భయంతో వెనక్కి వాలితే పాదం మీద బరువు తగ్గి కాలు ముందుకు పోతుంది. నడుము పాదాల మీదుగానే ఉండాలి, మడమ ముందు దిగాలి. రాలిన ఆకుల విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి: నున్నటి బండ మీద ఎండుటాకులు గచ్చు మీద ఆవాలు పోసినట్టే. కాలితో పక్కకు తోసి, కింద రాయిని చూసి అడుగు వేయాలి. ఆ ఆకుల్లో రక్తపింజర ఉంటే, తోయడానికి కాలికన్నా కర్ర మేలని వేరే చెప్పనక్కరలేదు.

దిగుతూ పది నిమిషాలకొకసారి ఆగి వెనక్కి చూడాలి. తిరుగు దారిలో కొండ ఇదే ముఖంతో కనిపించదు. గండిలోకి దిగిన చోటును, దారి చీలిన చోటును వెనక్కి తిరిగి ఫోటో తీసుకుంటే, సాయంత్రం రెండు గండ్లలో మనది ఏదన్న వాదన ఉండదు. రాళ్లకు రంగు పూయడం, చెట్లకు గాట్లు పెట్టడం తగదు.

మూడో అంచె: గుండ్లు, మడుగు

వాగు దగ్గరికి చేరాక కళ్లు రాయి రంగును చదవాలి. తెల్లగా, పొడిగా, గరుకుగా ఉన్నది నమ్మదగినది. నల్లగా నిగనిగలాడేది, పచ్చగా మెరిసేది పాచి పట్టినది. దాని మీద ఏ కంపెనీ బూటూ నిలవదు. గుండు నుంచి గుండుకు గెంతకుండా, ఒక పాదం పూర్తిగా కుదురుకున్నాక రెండోది ఎత్తాలి. నీళ్లలోంచి నడవక తప్పకపోతే బూట్లు తీయకుండానే నడవాలి. నీటి అడుగున రాళ్ల నడుమ పాదం ఇరుక్కుంటే ఒట్టి కాలికి చీలమండ మిగలదు.

మడుగు తన లోతును దాచుకుంటుంది. నీటిలోంచి వచ్చే వెలుతురు వంగడం వల్ల ఆరడుగుల లోతుగా కనిపించేది నిజానికి ఎనిమిదడుగులు ఉంటుంది. తేటగా ఉన్నకొద్దీ ఈ మోసం ఎక్కువ. జలపాతం కింద నీరు రాయిని లోపలికి తొలుస్తుంది కనుక అంచు పక్కనే హఠాత్తుగా లోతు రావచ్చు, నీటి కింద బండ కొన బయటికి పొడుచుకొని ఉండవచ్చు. తలకోన జలపాతం 270 అడుగులు; అంత ఎత్తు నుంచి ఒక కొమ్మ గానీ రాయి గానీ పడితే ఏమవుతుందో ఊహించుకొని, ధార సరిగ్గా కింద నిలబడడం మానుకోవాలి. ఈదడం వచ్చినవారైనా కూర్చుని అంచు నుంచి దిగాలి, తల ముందు పెట్టి దూకకూడదు. నాగలాపురం కొండల మడుగుల్లో మునిగి చనిపోయిన కుర్రాళ్ల వార్తలు పదే పదే చదివాము. ఒకరు మునిగితే కాపాడబోయి ఇంకొకరు పోవడం ఆ వార్తల్లో తరచుగా కనిపించే సంగతి. ఆ ఖాళీ క్యాను ఇందుకే. మూత గట్టిగా బిగించిన అయిదు లీటర్ల క్యాను అయిదు కిలోల దాకా బరువును తేలుస్తుంది, మునిగేవాడి తలను నీటి పైన నిలపడానికి అది చాలు. ముడివేసిన తువ్వాళ్లను దానికి కట్టి విసరాలి. విసిరేవాడు గట్టు మీద బోర్లా పడుకొని ఉండాలి, నీటిలోకి దిగకూడదు.

వాగు పొంగే ముందు కొన్ని గుర్తులు చూపుతుంది. మనమున్న చోట ఎండ కాస్తున్నా, పైన కొండ మీద కురిసిన వాన అరగంటలో మన కాళ్ల దగ్గరికి వస్తుంది. తేట నీరు మట్టి రంగుకు తిరగడం, ఆకులు పుల్లలు తేలుతూ రావడం, పైనుంచి హోరు వినిపించడం వంటివాటిలో ఏ ఒక్కటి తోచినా సామాను వదిలి పక్క గట్టు ఎక్కాలి. వాగు వెంట కిందికి పరుగెత్తితే నీరే గెలుస్తుంది. ఎంత ఎత్తు ఎక్కాలన్నది చెట్లే చెబుతాయి: కొమ్మలకు చిక్కుకొని ఎండిన గడ్డీ చెత్తా కిందటి వరద ఎక్కడిదాకా వచ్చిందో చూపుతాయి. మడుగు దగ్గర కూర్చునేటప్పుడే ఆ గుర్తుకు పైన చోటు చూసుకోవడం మంచిది.

సముద్రపు చరియలు దిగేవారికి ఈ విషయంలో ఒక సౌకర్యం ఉంది. మన వైపు తీరం ఇసుకది, చరియలు లేవు. కేరళలో వర్కల వంటి చోట్లకు వెళ్లే మనవాళ్లకు మాత్రం ఈ ముక్క పనికొస్తుంది. సముద్రం రోజుకు రెండుసార్లు పోటెత్తి రెండుసార్లు తగ్గుతుంది, ఆ వేళ ప్రతిరోజూ దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది, పౌర్ణమి అమావాస్యలకు పోటు ఎక్కువ. అందుకని నీరు తగ్గుతుండగా దిగి, తిరిగి పెరగడం మొదలవగానే లేవాలి, అలలకు వీపు చూపకూడదు. సముద్రం తాను వచ్చే వేళను ముందే చెబుతుంది, కోన వాగు చెప్పదు.

చరియ కింద కూర్చునే ముందు తల ఎత్తి చూడాలి. పొడుచుకొచ్చిన బండల కింద కొండ తేనెటీగలు పెద్ద పెద్ద పట్లు పెడతాయి. పొగ, ఘాటైన సెంటు, కేకలు, విసిరిన రాయి వాటిని రేపుతాయి. రేగాయంటే ముఖం కప్పుకొని పరుగెత్తాలి, మడుగులో దూకితే తల ఎత్తేదాకా అవి పైనే తిరుగుతుంటాయి. నిప్పు ఎలాగూ వేయకూడదు. కోతుల ఎదుట కవరు విప్పకూడదు. చిరుతలు, ఎలుగుబంట్లు ఉన్న అడవి కనుక గుంపు వీడకూడదు, పిల్లలను ముందుకు పంపకూడదు.

తిరిగి ఎక్కడం

అనుకున్న గంటకు లేవడానికి పావుగంట ముందే తిని, తాగి, తడి మేజోళ్లు మార్చుకోవాలి. బూటు సోలు తడిగా ఉంటే మొదటి బండలు జారతాయి కనుక పొడి ఇసుకలో నాలుగు అడుగులు రుద్దాలి. అందరికన్నా నెమ్మదిగా నడిచేవారిని ముందు పెట్టాలి, దారి తెలిసిన ఇద్దరిలో ఒకరు వారి పక్కన, ఒకరు అందరి వెనక ఉండాలి. గట్టివాళ్లు ముందు పోయి పైన కూర్చుని ఎదురుచూస్తే, అప్పటికే విశ్రాంతి తీసుకున్న వారు అలసినవాడు రాగానే లేచి నడుస్తారు. అలసినవాడికి విశ్రాంతే దొరకదు. మాట్లాడుతూ ఎక్కగలిగిన వేగమే సరైన వేగం. ఎవరైనా తల తిరుగుతోందన్నా, చెమట ఆగి ఒళ్లు కాలుతున్నా, మాట తడబడుతున్నా నీడకు చేర్చి, చొక్కా తడిపి, విసరాలి. వడదెబ్బను ‘కాసేపు కూర్చుంటే పోతుంది’ అని వదిలేయకూడదు.

కాలు మెలిక పడితే బూటు తీయకూడదు, తీస్తే వాచి మళ్లీ ఎక్కదు. బూటు మీదుగానే పట్టీ చుట్టాలి. పాము కరిస్తే కోయడం, పీల్చడం, బిగించి కట్టడం ఏవీ వద్దు. ఉంగరాలు, గడియారం తీసి, కరిచిన కాలినో చేతినో పుల్లతో కదలకుండా కట్టి, మనిషిని నడిపించకుండా మోసుకురావాలి; విషానికి విరుగుడు ఆసుపత్రిలోనే ఉంది. నడవలేని మనిషి దగ్గర ఒకరిని ఉంచి, ఇద్దరు కలిసి పైకి వెళ్లి, సిగ్నలు అందగానే 108కి ఫోను చేయాలి. కింద ఉన్నవారు ఈల ఊదుతుండాలి. గొంతు పది నిమిషాల్లో పోతుంది, ఈల పోదు.

పైఅంచుకు చేరాక తలలు లెక్కపెట్టాలి. తెచ్చిన ప్లాస్టిక్ అంతా తిరిగి వచ్చిందో లేదో చూసి, ప్యాంటు అంచులు, చంకలు, చెవుల వెనక పిడుదులు పట్టాయేమో వెతికి తీసేయాలి. అటవీ సిబ్బంది చెక్‌పోస్టులో బయటికి వచ్చినట్టు చెప్పాలి. ఆ తరువాత, సిగ్నలు రెండు గీతలు చూపగానే, ఇంట్లో కాగితం పట్టుకొని గడియారం చూస్తున్న మనిషికి ఫోను చేయాలి.